పాలపళ్ళు ఊడని గుర్రాన్ని పందెంలోకి తోయకండి



వచ్చే ఆదివారం కమిటీ మీటింగుకు ఒక తీర్మానం రాబోతున్నది. మన వీధి పాప పెంచుతున్న ఆడగుర్రాన్ని పొంగలు పండగకు జరిగే గుర్రపుబండి పందెంలో సంఘం పేరు మీద విడవాలని, ఉగాది ఊరేగింపులో ముందర నడిపించాలని అందులో ఉన్నది. ఆ తీర్మానం వద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాము. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

మేమంటే ఎవరో కాదు. పొద్దున అయిదున్నరకు చెరువు పక్క మైదానంలో నడిచే నలుగురు రిటైర్డు మనుషులం. రాసే చెయ్యి రైల్వే ఆఫీసులో ఫైళ్ళు రాసిన చెయ్యి, మాట మాత్రం నలుగురిదీ. గుర్రాల గురించి మేము పండితులం కాము. కానీ అయిదు నెలలుగా ఆ పాపను, ఆ గుర్రాన్ని రోజూ చూస్తున్నాము. తీర్మానం రాసినవారు ఎన్ని రోజులు చూసినారు?

ముందు వయసు సంగతి. ఆడి నెలలో అంతియూరు గురునాథస్వామి గుడి సంతలో గుర్రాన్ని కొన్నప్పుడు అమ్మినవాడు నాలుగేళ్ళు అన్నాడు. ఇంటికి తెచ్చినాక పశువుల డాక్టరు నోరు తెరిచి చూసి రెండున్నర అన్నాడు. మా ఆఫీసులో మనిషి వయసుకు సర్వీస్ రిజిస్టర్ ఎట్లనో, గుర్రానికి పళ్ళు అట్ల. దాన్ని దిద్దడం కష్టం. కింది దవడ ముందు పళ్ళు ఆరు. నడిమి జత పాలపళ్ళు పోయి గట్టి పళ్ళు వచ్చేది రెండున్నరేళ్ళకు. పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారుతాయి. అయిదేళ్ళకే నోరు నిండుతుంది. అంటే పొంగలుకు దాని వయసు మూడేళ్ళు. ముందు పళ్ళలో ఇంకా పాలపళ్ళు ఉన్న పిల్ల అది.

"చూస్తే పెద్ద గుర్రం మాదిరే ఉందే" అని కార్యదర్శిగారు అన్నారట. ఎత్తు చూసి మోసపోయేది అందుకే. గుర్రం ఎత్తు తొందరగా పెరుగుతుంది, ఎముక తొందరగా ముదరదు. మోకాలికి పైన ఎముక ఎదిగే చోటు మూసుకోవడానికే రెండు రెండున్నరేళ్ళు పడుతుంది. వెన్నుపూసలు అన్నిటికన్నా చివర, అయిదేళ్ళు దాటినాక. మనిషి కూర్చునేది ఆ వెన్ను మీదనే. ఇంకొక మోసం ఉన్నది. నాలుగు వారాలు పరిగెత్తిస్తే గుండెకు, ఊపిరికి దమ్ము వస్తుంది. నరాలకు, ఎముకలకు అంత తొందరగా బలం రాదు. గుర్రం పరిగెత్తగలదు, దాని కాలు తట్టుకోలేదు. తారు రోడ్డు మీద బండి కట్టి తరిమితే డెక్కకు తగిలే ప్రతి దెబ్బా ఆ కాలిలోకే పోతుంది.

రైల్వే మనుషులకు ఇది బాగా అర్థమవుతుంది. కొత్తగా పట్టాలు మార్చిన చోట మొదటి రోజే ఎక్స్‌ప్రెస్సును నూరు కిలోమీటర్ల వేగంలో విడుస్తారా? కాషన్ ఆర్డర్ ఇచ్చి డ్రైవరు చేత సంతకం చేయించి, మెల్లగా పొమ్మంటారు. బండ్లు పోయిపోయి కంకర సర్దుకోవాలి, ట్యాంపింగ్ మెషిన్ వచ్చి గట్టి చేయాలి. తరువాతనే అంచెలంచెలుగా వేగం పెంచుతారు. పట్టా కొత్తది, మెరుస్తున్నది, అయినా కింద ఇంకా గట్టిపడలేదు. ఈ గుర్రమూ అట్లనే. దానికి ఇప్పుడు కాషన్ ఆర్డర్ ఉన్నది. మన తీర్మానం ఆ కాగితాన్ని చింపి పారేస్తున్నది.

మేము గుర్రాన్ని కట్టేసి మేపమని చెప్పడం లేదు. నడిస్తేనే ఎముక గట్టిపడుతుంది. ఆ పాప చేయిస్తున్నది అదే. గుర్రపు పోలీసులో పనిచేసి రిటైరైన ఒకాయన ఆదివారం ఆదివారం వచ్చి నేర్పుతాడు, మిగతా రోజులు నూలు కంపెనీలో లెక్కల పనికి పోయే ముందు తానే చేస్తుంది. మొదటి నెల అంతా తాడు పట్టుకొని పక్కన నడవడం, నిలబడడం, వెనక్కి జరగడం, కాలెత్తి డెక్క చూపడం. రెండో నెల పొడుగు తాళ్ళతో వెనకనుంచి నడిపించడం. ఆ పైన వీపు మీద ఉత్త గుడ్డ, కొన్నాళ్ళకు ఖాళీ జీను. ఇప్పటికీ దాని మీద కూర్చునేది వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు పది నిమిషాలు, అదీ నడకే. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎడమ పక్క నేర్పింది కుడి పక్క కూడా నేర్పవలె. ఒక నీళ్ళ గుంట దాటించడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు అది తానుగా కాలు పెట్టింది. "తాతా, ఈ పొద్దుకు ఇది చాలు" అని పాప వెంటనే జీను దించేసింది. మేము నలుగురం చేతులు తట్టబోతే, సద్దు చేయవద్దని సైగ చేసింది.

పాప తప్పులు చేయలేదని కాదు. మొదట్లో భయంతో కళ్ళెం గట్టిగా లాగేది. లాగేకొద్దీ గుర్రం తల ఎత్తేది. ఒకసారి కింద కూడా పడింది. ఆ పెద్దాయన చెప్పిన మాట మాకు నచ్చింది: "నువ్వు లాగితే అది నేర్చుకోదమ్మా. నువ్వు వదిలే క్షణంలో నేర్చుకుంటుంది." అడిగింది చేసిన వెంటనే చెయ్యి సడలించాలి, ఆ సడలింపే దానికి బహుమానం. పాప తప్పు తెలుసుకొని చెయ్యి దిద్దుకున్నది. మరి మనం?

దీపావళికి ముందు మన కమిటీవాళ్ళు ఇద్దరు "ఫోటో కోసం" అని గుర్రాన్ని అడిగి తీసుకొని పోయినారు. పక్కన తప్పెట కొట్టించినారు, ఎవడో సరం పటాసు కాల్చినాడు. గుర్రం బెదిరి రోడ్డు మీద జారి ముందు మోకాలు గీరుకున్నది. పంతొమ్మిది రోజులు పని ఆగిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం, తప్పెట సద్దు వింటే ఇప్పుడు అది వణుకుతుంది. పాప ఎవరినీ ఒక్క మాట అనలేదు. డాక్టరు ఖర్చు తన జీతంలోనే కట్టుకున్నది. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యమైనా రాసినామా?

ఇక మీ వాదాలు. "గుర్రానికి సగం డబ్బు సంఘం ఇచ్చింది, కప్పు ఎప్పుడు తెస్తుంది?" ఇచ్చినాము, మంచి పని చేసినాము. కొబ్బరి మొక్కకు డబ్బిచ్చి మరుసటి పొంగలుకే కాయలు అడిగే పెద్దమనిషి మనలో ఎవరైనా ఉన్నారా?

"రేస్‌కోర్సుల్లో రెండేళ్ళ గుర్రాలు పరిగెత్తడం లేదా?" పరిగెత్తుతున్నాయి. అవి పరుగు కోసమే పుట్టించిన జాతి. పచ్చిక మీద తక్కువ దూరం పరిగెత్తుతాయి, పక్కనే డాక్టర్లు ఉంటారు. అయినా అక్కడా కాళ్ళు పాడవుతున్నాయి. మనది సంత గుర్రం, మన రోడ్డు తారు రోడ్డు.

"మన పూర్వులు గుర్రాలెక్కి వచ్చిన వాళ్ళు." ఇది ప్రతి మీటింగులో వింటాము. విజయనగరం రాజులు అరబ్బు దేశాలనుంచి సముద్రం మీద గుర్రాలు తెప్పించుకున్నారు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ గుర్రాల వర్తకులను ఆదరించమని రాసినాడు. ఎందుకు? గుర్రం విలువ వాళ్ళకు తెలుసు గనుక. శ్రీరంగం శేషరాయ మండపంలో ముందుకాళ్ళెత్తి నిలబడిన గుర్రాలు చూసి మురిసిపోతాము. అవి రాతివి, ఎన్ని వందల ఏళ్ళైనా అట్లనే నిలబడగలవు. ఇది రక్తమాంసాలది.

నిజంగా మనకు కప్పు కావాలంటే కప్పు తెచ్చినవారిని చూడండి. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బెంగళూరు ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో వెండి పతకం తెచ్చినాడు. ఆ పోటీల్లో గుర్రపుస్వారీలో ఒంటరిగా పోటీపడి మన దేశం పతకం తెచ్చి అప్పటికి 36 ఏళ్ళు. ఆయన ఎక్కిన సెన్యూర్ మెడికాట్ వయసు అప్పుడు 12 ఏళ్ళు. మూడేళ్ళు తరువాత అదే గుర్రంతో టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం. దూరపు స్వారీ అంతర్జాతీయ పోటీల్లో మొదటి మెట్టుకే గుర్రానికి ఆరేళ్ళు నిండాలి. లోకమంతా ఆగుతున్నది, మనకు మాత్రం పొంగలుకే కావాలి.

చట్టం కూడా గుర్తు చేస్తాము. 1960 జంతుహింస నిరోధక చట్టం, 11వ సెక్షన్: వయసు వల్ల పనికి తగని జంతువు చేత పని చేయించడం నేరం. ముళ్ళ కళ్ళెం వాడకూడదని 1965 నిబంధనల్లో ఉన్నది. "ముళ్ళ కళ్ళెం వేస్తే దారికొస్తుంది" అని గ్రూపులో రాసిన సభ్యుడు దయచేసి ఆ మాట చెరిపేయవలె.

చివరికి మన ఇంటి సంగతి. మేము నలుగురమూ తమిళంలో చదువుకున్నవాళ్ళమే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు రిటైరైనాక నేర్చుకున్నాము, ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి. ఉగాదికి మనం ఏమి చేస్తున్నాము? వారం ముందు పిల్లల చేతికి తమిళ లిపిలో రాసిన పద్యం ఇచ్చి, బట్టీ పెట్టించి, స్టేజీ ఎక్కించి, కప్పు చేతిలో పెట్టి ఫోటో తీస్తున్నాము. మరుసటి రోజు ఆ పిల్లకు ఒక్క తెలుగు అక్షరం రాదు. వచ్చే ఏడు స్టేజీ అంటేనే భయపడుతుంది. గుర్రానికి చేయబోయేదీ ఇదే. కప్పు మనకు, భయం దానికి.

కాబట్టి మేము అడిగేది ఇది. తీర్మానాన్ని వెనక్కి తీసుకోండి. రెండేళ్ళ దాకా ఆ గుర్రం పందానికీ వద్దు, ఊరేగింపుకూ వద్దు. పందెం బండికి, డ్రైవరుకు, బ్యానరుకు పెట్టిన డబ్బును డెక్కల పనికి, ఉలవలకు, డాక్టరుకు మార్చండి. దీపావళి ఖర్చు పాపకు తిరిగి ఇవ్వండి. అయిదో ఏట ఆమె కోయంబత్తూరులో చిన్న అడ్డాల పోటీకి పోతానంటున్నది. అప్పుడు మేమే వ్యాను మాట్లాడుతాము, ఎంతమంది వస్తారో చూద్దాము.

అంతవరకు ఎవరైనా సరే పొద్దున ఆరుకు మైదానానికి రండి. తప్పెట మాత్రం తేవద్దు.