గ్రిల్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే...

దసరా సెలవులకి మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ కరెంటు గ్రిల్లు ఒకటి పట్టుకొచ్చాడు. ముక్కలు పెట్టి మూత మూసేస్తే పైనా కిందా ఒకేసారి కాలే రకం. భద్రాచలంలో, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లం, చేపలకి కొదవేముంది? మొదటి రోజు కొరమీను, రెండో రోజు చికెన్. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. జిడ్డోడుతున్న గ్రిల్లు మాత్రం సింకు పక్కనే ఉండిపోయింది.

మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క చేతిలో పడితే మాడిన ఇత్తడి గిన్నెయినా తళతళలాడాల్సిందే. అలవాటు కొద్దీ గ్రిల్లుని కూడా పంపు కింద పెట్టి, స్టీలు పీచుతో తోమి బోర్లించింది. మర్నాడు తనే ప్లగ్గు పెట్టి మూత ఎత్తబోయి, "చెయ్యి జివ్వుమందమ్మా!" అంటూ వెనక్కి తూలింది. గోడ ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. పైగా "ఏం కాలేదు, కంగారుపడకమ్మా" అని నాకే ధైర్యం చెప్పింది. తప్పు ఆవిడది కాదండీ. గ్రిల్లుని నీళ్లలో పెట్టకూడదన్న మాట దాంతో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషులో ఉంది. ఆ పుస్తకమేమో నా బీరువాలో ఉంది!

ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ఇంకో సంగతి బయటపడింది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టరుకి తగిలించి వాడుతున్నాం. అంటే ఎర్తు లేనట్టే. లోపల తడి ఉంటే కరెంటు పైనున్న లోహానికి పాకుతుంది. ఎర్తు ఉంటే అటు పోతుంది, లేకపోతే పట్టుకున్న మనిషి మీదుగా పోతుంది. అతను గ్రిల్లు విప్పి, ఆరబెట్టి, పరీక్షించాకే మళ్లీ వాడమన్నాడు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ కూడా ఆ రోజే పెట్టించాం.

ఇప్పుడు మేం చేసే పద్ధతి చెప్తాను. వంట కాగానే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసేస్తాం. పలక గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతాం. పూర్తిగా చల్లారితే కొవ్వు గడ్డకట్టి, మాడిన పెరుగూ అల్లం వెల్లుల్లీ పట్టేస్తాయి. అలాగని సలసలా కాలే పలక మీద చన్నీళ్లు చల్లకండి, పలక వంగిపోవచ్చు, ఆవిరికి చెయ్యి కాలుతుంది. నూలుగుడ్డని వేడినీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, పలకల మధ్య పరిచి మూత వేస్తే పది నిమిషాల్లో మసాలా మెత్తబడుతుంది. చెక్క గరిటె కొసకి గుడ్డ చుట్టి గాళ్ల వెంట లాగితే వచ్చేస్తుంది. మొండి మరకైతే వంటసోడా ముద్ద, మెత్తటి స్పాంజి. చేప వాసనకి నిమ్మరసం కలిపిన నీళ్లలో తడిపి పిండిన గుడ్డ. స్టీలు పీచు, బూడిద జోలికి వెళ్లొద్దు. మా గ్రిల్లుకి ఆ రోజు పడ్డ గీతల దగ్గరే ఇప్పటికీ ముక్క అంటుకుంటుంది.

నూనె కారే ట్రేని మాత్రం సబ్బుతో శుభ్రంగా కడుక్కోవచ్చు. అందులోని కొవ్వుని ముందు పాత పేపరుతో తీసి చెత్తబుట్టలో వేయండి. సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది. పలకలు ఊడొచ్చే రకమైతే పని ఇంకా తేలిక, కానీ బాగా ఆరాకే బిగించాలి.

మా ఏజెన్సీలో బొంగు చికెన్ కాల్చేవాళ్లని చూస్తే మాత్రం కుళ్లొస్తుంది నాకు. పచ్చి వెదురు బొంగులో ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. తిన్నాక ఆ బొంగు పొయ్యిలోకే పోతుంది. తోమేదేముంది!

మొన్న సంక్రాంతికి మా కోడలు గ్రిల్లు ఎత్తుకుని సింకు వైపు వెళ్లబోతే అక్క అడ్డం వచ్చింది. "దానికి నీళ్లు తగలనీయకు తల్లీ, ఇటియ్యి" అంటూ పిండిన గుడ్డ అందుకుంది.