చిట్టీ లేని నిద్ర గోలీ కొనొద్దు!

లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ, అలియాబాద్, ఛత్రినాక గల్లీల్లో నిద్ర పట్టక దొర్లుతున్న అక్కలారా, అన్నలారా!

రాత్రి రెండు దాటినా కన్ను మూతపడదు. మెడికల్ షాపుకు పోయి “నిద్ర గోలీ” అని అడిగితే స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెట్టేవాళ్లున్నారు. అది నేరం. ఆల్ప్రజోలం, నైట్రజెపాం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టర్ చిట్టీ ఉంటేనే అమ్మాలి. ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఎన్ని ఇచ్చారు, అన్నీ వేరే రిజిస్టర్‌లో ఎక్కించాలి. 2014 నుంచి అమల్లో ఉన్న రూలిది.

కల్తీ కల్లులో కలిపేదీ ఈ ఆల్ప్రజోలమే. 2015లో సర్కారు కల్తీ కల్లును అడ్డుకోగానే అలవాటుపడ్డవాళ్లకు వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులు మొదలయ్యాయి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తారు. కల్లు ముట్టని ఇల్లాలైనా నెలల తరబడి గోలీ మింగితే ఒళ్లు దానికి అలాగే అలవాటు పడుతుంది. కాబట్టి ఇది చదివి కోపంతో గోలీలు మోరీలో పారేయకండి! రోజూ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా మానితే ప్రమాదం. డాక్టర్‌కు చూపించి మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లయితే ఆ సంగతి చెప్పకుండా నిద్ర గోలీ రాయించుకోవద్దు.

గోలీకి మేం శత్రువులం కాదు. డాక్టర్ రాస్తే, చెప్పినన్ని రోజులు వాడండి. కానీ నిద్రలేమి పాతబడినవాళ్లకు ముందు ఇవ్వాల్సింది గోలీ కాదు, అలవాట్లు మార్చే సీబీటీ-ఐ చికిత్స అని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే చెప్పింది. అదే చికిత్సను ఫోన్‌లో చేయించే ‘స్లీపియో’ యాప్‌ను బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో సిఫారసు చేసింది.

ఈ చికిత్సలో చేసేదేమిటంటే, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకు లేవాలి. కునుకు వచ్చేదాకా పడుకోవద్దు. పడుకుని ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి వెళ్లాలి, గడియారం చూడొద్దు. ఆరుగురు పడుకునే ఒంటి గదిలో లేచి ఎక్కడికి పోవాలంటారా? గడప దగ్గర కూర్చోండి. బయట చబుత్ర మీదైతే, రాత్రిళ్లు అరుగుల మీద కూర్చునేవాళ్లను పట్టుకునే ‘ఆపరేషన్ చబుత్ర’ అంటూ పోలీసులు వస్తారేమో! మంచంలో ఎనిమిది గంటలుండి ఐదు గంటలే నిద్రపోయేవాళ్లను ముందు ఆలస్యంగా పడుకోమంటారు, నిద్ర కుదిరాక మంచంలో ఉండే టైము పెంచుతారు. మొదటి వారాల్లో పగలు బాగా అలసట ఉంటుంది. ఆటో నడిపేవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు ఇలా ఆలస్యంగా పడుకోవడం సొంతంగా మొదలుపెట్టొద్దు. చికిత్స ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. గోలీలా ఆ రాత్రికే పడగొట్టదు.

ఇంగ్లీషు రానివాళ్లకు స్లీపియో లాంటి ఇంగ్లీషు యాప్ ఎందుకు? సర్కారును అడుగుదాం: ఈ చికిత్స తెలుగులో, ఉర్దూలో, మామూలు ఫోన్‌లో వినేలా కావాలి. బస్తీ దవాఖానాల్లో దాన్ని నేర్పే మనిషి ఉండాలి. చిట్టీ లేకుండా అమ్మే షాపుల మీద డ్రగ్స్ కంట్రోల్ శాఖ కన్నేయాలి.

వాడుతున్న గోలీల స్ట్రిప్పు పట్టుకుని ఈ వారమే దగ్గరి బస్తీ దవాఖానాకు గానీ, ఉస్మానియాకు గానీ వెళ్లండి. మనసు బాగాలేక నిద్ర రానివాళ్లు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా పలుకుతారు.

— పాతబస్తీ వాసులు కొందరు