తాళపుచెవి పట్టినవాడెల్ల సంరక్షకుడా?

ప్రతి లక్ష పట్టణ జనాభాకు ఒక నిరాశ్రయ వసతి ఉండాలని 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం అక్కడ నిర్వాహకునితోపాటు సంరక్షకులనూ నియమించుమన్నది.

“చాప, పిడికెడు మెతుకులు చాలవా? జీతగాడెందుకు?” అనేవారున్నారు. తిరుపతిలో అయినవారు వదలిపోయిన మతిచలించిన ముదుసలిని రుయా ఆసుపత్రికి చేర్చేదెవరు? ఊరిపేరు ఓపికగా రాబట్టేదెవరు? చాప చేస్తుందా?

శ్రీసిటీలో కొలువు వెదుకుతూ వచ్చి, చేతిసొమ్ము అయిపోయి అరుగులపై పడుకొనే కుర్రవానికి కావలసినది కాపలాదారు కాదు, దారి చూపే మనిషి. యంత్రం ముందు నిలిచేవానికి శిక్షణ ఇస్తాము. నిరాశ్రయుని ముందు నిలిచేవానికి మాత్రం తక్కువ జీతానికి ఒప్పుకోవడమే అర్హత! ఇదేమి న్యాయం? శిక్షణ, నెలనెలా తగిన జీతం, రేయింబవళ్ళకు సరిపడు మనుషులు లేని వసతి వట్టి సత్రపు అరుగే. కాదనగలరా?