చూసినవాళ్ల పేర్లు

ఒకప్పుడు మన దేశం ఫుట్‌బాలులో ఆసియా ఖండానికంతటికీ మొనగాడని చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. ఆ మొనగాడితనంలో పెద్దవాటా హైదరాబాదుదని చెబితే పెద్దవాళ్లు సైతం కళ్లద్దాలు సర్దుకుని మన మొహంలోకి ఒకమారు చూస్తారు. వారి తప్పేమీ లేదు. క్రికెట్టులో ఎవరెప్పుడు ఎన్ని పరుగులు తీశారో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. బంతిని కాలితో తన్ని పేరు తెచ్చిన మనవాళ్లెవరని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అందుచేత ముందు ఆ కథ నాలుగు ముక్కల్లో చెప్పి, తరువాత అసలు సంగతికి వస్తాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడలోనూ చాదర్‌ఘాట్‌లోనూ పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏటి డ్యూరాండ్ కప్పును పోలీసు జట్టు మోహన్ బగాన్ చేతిలోంచి లాక్కుని తెచ్చుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 దాకా, వరసగా అయిదేళ్లపాటు, ఇంకొకరికి దక్కనివ్వలేదు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లో ఒకసారి, 1957–58లో మరొకసారి గెలిచింది.

దేశపు జట్టు పగ్గాలు కూడా రహీం సాబు చేతిలోనే ఉండేవి. 1951 ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4–2 గోల్స్‌తో ఓడించి మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, గోలు కాసే పీటర్ తంగరాజ్ – వీళ్లంతా హైదరాబాదు, సికిందరాబాదుల మట్టిలో ఆడి పెరిగినవాళ్లే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మళ్లీ బంగారు పతకం తెచ్చారు. ఆ రోజు స్టేడియంలో లక్షమంది దాకా జనం. రాజకీయపు తగాదాల మూలాన వాళ్లలో అధికభాగం మనవాళ్లను గేలి చేస్తూనే ఉన్నారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును రహీం సాబు వెనకనుంచి తీసి ముందువరసలో నిలబెట్టారు. ఆయన తలతోనే గోలు కొట్టాడు. అప్పటికే రహీం సాబును క్యాన్సరు పట్టి పీడిస్తోంది. తరువాతి ఏడు జూన్ 11న కన్నుమూశారు.

ఆయన పద్ధతి మాబోటి పంతుళ్లు ఆలోచించదగ్గది. బంతిని తన కాలిదగ్గరే పెట్టుకుని నలుగురిని తప్పించుకుపోవాలని ప్రతి కుర్రాడికీ ఉబలాటం. అలా చేయకూడదన్న నియమంతోనే ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించారు. బంతి అందగానే పక్కవాడికి ఇవ్వాలి. కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితో సాధన చెయ్యాలి. సికిందరాబాదు నుంచి వచ్చి ఆడటానికి బలరాం దగ్గర డబ్బు లేకపోతే సైకిలు బాడుగ ఆయనే ఇచ్చేవారట. ఉన్నదాన్ని పక్కవాడితో పంచుకోవడం ఆయన ఆటలోనూ ఉంది, జేబులోనూ ఉంది.

ఇదంతా పుస్తకాల్లో దొరికే కథే. 2024లో రహీం సాబు జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా కూడా వచ్చింది. ఆడినవాళ్లను గురించి లోకం ఆలస్యంగానైనా తలుచుకుంటూనే ఉంది. చూసినవాళ్ల మాటేమిటన్నదే నా అసలు సంగతి.

ఈ విషయంలో స్కాట్లండు వాళ్లను చూసి మనం నేర్చుకోవలసింది ఉంది. ఆ దేశానికీ మన దేశపు ఫుట్‌బాలుకూ పాత చుట్టరికమే. 1888లో సిమ్లాలో మొట్టమొదటి డ్యూరాండ్ కప్పు జరిగినప్పుడు చివరి ఆటలో తలపడినవి రెండూ స్కాట్లండు పటాలాలే. 1936లో కలకత్తా నుంచి మహమ్మద్ సలీం అనే ఆటగాడు గ్లాస్గో వెళ్లి, బూట్లు లేకుండా, ఉత్త పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకుని సెల్టిక్ క్లబ్బు తరఫున ఆడాడు. అక్కడి శిక్షకుడు ఆయన కాలికి కట్టు కడుతున్న ఫోటో ఈనాటికీ ఉంది.

అక్కడి వృద్ధులు ఆటను గురించి చెప్పుకునేటప్పుడు ఎవరు గెలిచారన్నది ఒక్కటే చెప్పరు. నాన్న భుజాలమీద ఎక్కి చూశామంటారు. ఎముకలు కొరికే చలిలో మెట్లమీద నిలబడి, వేడివేడి మాంసపు రసం తాగుతూ చేతులు కాచుకున్నామంటారు. 1937లో గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో స్కాట్లండు, ఇంగ్లండుల ఆటకు లెక్కకు వచ్చినవాళ్లే 1,49,415 మంది. ఆ చలికి వాళ్లను కాపాడింది ఉన్నికోటు కాదు, ఇరుపక్కలా ఒరుసుకుని నిలబడ్డ మనుషులే అయివుంటారు. అదే ఊళ్లో థర్డ్ లానార్క్ అనే పాత క్లబ్బు 1967లో మూతపడింది. వాళ్ల మైదానం క్యాథ్‌కిన్ పార్కు మాత్రం చెరిగిపోలేదు. జనం నిలబడిన మెట్లు ఈనాటికీ ఉన్నాయి, వాటిమధ్య చెట్లు మొలిచాయి. ఆ జట్టు ఆట ఎన్నడూ చూడనివాళ్లు కూడా వెళ్లి ఆ మెట్లమీద కాసేపు నిలబడి వస్తారు.

మనకూ మెట్లున్నాయి. హైదరాబాదు బషీర్‌బాగులో ఉన్న లాల్ బహదూర్ స్టేడియం పేరు 1967కు ముందు ఫతేమైదాన్. 1955లో న్యూజీలాండు జట్టు వచ్చి ఆడిన క్రికెట్టు టెస్టు అక్కడే జరిగింది. ఉమ్రీగర్ రెండువందల పరుగులు దాటించింది ఆ ఆటలోనే. అది చాలామందికి తెలుసు. అదే నేలమీద బంతి తన్నినవాళ్ల సంగతి తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందే మిగిలారు.

అలాంటివారొకరు అదృష్టవశాత్తు మా చెన్నూరులోనే ఉన్నారు. వయస్సు ఎనభై నాలుగు. పుష్యమాసపు చలికి మా గోదావరి ఒడ్డున మంట వేసుకుని కూర్చునే నలుగురిలో ఆయనొకరు. మీరు ఎప్పుడైనా ఫుట్‌బాలు చూశారా బాపూ అని అడిగితే ఆయన మొదలుపెట్టిన ముచ్చట మంట ఆరిపోయినా ముగియలేదు.

"యాభై ఏడుల అనుకుంట సారూ. నాకు పదహారేండ్లు. మంచిర్యాల పోయి, రైలెక్కి, పట్నం పోయి మా మేనమామ ఇంట్ల ఉండి సదువుకుంటున్న. ఫతేమైదాన్ల పోలీసోళ్ల ఆట. టిక్కెట్టు కొందామంటె పైసలేడియి? గోడెక్కినం. చలికి చెవుల పొంటి తువ్వాల కట్టుకున్న. సగం ఆట అయ్యేటాళ్లకు చలీ లేదు, తువ్వాలా లేదు. ఎగిరి ఎగిరి ఎక్కడ పడిపాయెనో."

గోలు ఎవరు కొట్టారని అడిగాను.

"గది యాదికి లేదు. నా పక్కపొంటి షేర్వాణీ ఏసుకున్న సాయిబు ఒకాయన ఉండె. గోలు పడంగనె నన్ను అమాంతం ఎత్తుకున్నడు. ఆయన షేర్వాణీ గుండీ తెగి నా చేతులకొచ్చింది. అది మాత్రం యాదికుంది."

ఇంతవరకూ నవ్వుతూ చెప్పిన పెద్దాయన కాసేపాగి, గొంతు తగ్గించి అన్నమాట ఇది: "రజాకార్ల దినాలల్ల మా నాయిన మమ్ముల దీస్కొని రాత్రికి రాత్రి ప్రాణహిత దాటి సిరోంచ దిక్కు పోయిండు. నాకప్పుడు ఏడేండ్లు. షేర్వాణీ కనబడితె మా అమ్మ నన్ను కొంగుల దాసేది. ఆ సాయిబు ఇంట్ల ఎవరెవరు పోయిన్రో, ఆయనెంత ఏడ్సిండో నాకెరుకలేదు. నేనెవరో ఆయనకెరుకలేదు. గోడమీద ఇద్దరం ఒక్కతీరుగ ఒర్లినం."

1948కీ ఆ ఆటకీ మధ్య పదేళ్లు కూడా నిండలేదని పాఠకులు గమనించాలి. గాయాలు రెండువైపులా పచ్చిగానే ఉన్న రోజులవి. అలాంటి నగరంలో రహీం అనే బడిపంతులు తీర్చిదిద్దిన ఆట, ముస్లిములూ హిందువులూ క్రైస్తవులూ కలిసి ఆడిన ఆట, ఎవరినీ ఏమీ అడగకుండా అందరినీ ఒకే గోడమీద కూర్చోబెట్టింది. ఆ ఏడు గెలిచిన కప్పు పేరు ఏ జాబితాలోనైనా దొరుకుతుంది. ఆ తెగిన గుండీ సంగతి ఏ జాబితాలో దొరుకుతుంది?

"గెలిసినోళ్ల పేర్లు కాయితంల ఉంటయి సారూ," అన్నారు పెద్దాయన. "సూసినోళ్ల పేర్లు యాడుంటయి?"

ఇంతటి సంపద మన ఇళ్లలోంచి ఎలా జారిపోయిందని నేను చాలా ఆలోచించాను. ఒక కారణం భాష. ఆ ముచ్చట్లు చార్‌మినారు గల్లీల్లో ఉర్దూలో సాగాయి, సికిందరాబాదు దండుబస్తీల్లో అరవంలో సాగాయి. తెలుగులో రాసుకున్నవి తక్కువ. రాసుకోనిది మనది కాదనుకోవడం మనకు అలవాటైపోయింది. రెండో కారణం పొట్టకూడు. ఆట బాగా వచ్చినవాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకుని, జబ్బుచేసి ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు. 1977లో లోకప్రసిద్ధుడైన పేలే కలకత్తా వచ్చినప్పుడు ఆయన జట్టుమీద గోలు కొట్టిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాదువాడే. ఆయన పేరు మనకంటే బెంగాలీలకే ఎక్కువ తెలుసు. మూడో కారణం, మనకు చూడటానికి ఆటే లేకుండా పోవడం. 2019లో హైదరాబాదు పేరుతో ఒక కొత్త జట్టు పుట్టి, 2021–22లో దేశపు లీగు పోటీ గెలిచి, తీరా 2025లో పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

ఈలోగా కాలం ఎవరికోసమూ ఆగడం లేదు. రహీం సాబు కుమారుడు, తానూ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న హకీం 2021లో పోయారు. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే వెళ్లిపోయారు. వాళ్లను గురించి పత్రికలు రాశాయి, కనుక ఎంతోకొంత మిగిలింది. గోడెక్కి చూసినవాళ్లు పోతే ఎవరూ రాయరు. వాళ్లతోపాటు ఆ చలిపొద్దూ, ఆ కేకలూ, ఆ తువ్వాలా అన్నీ పోతాయి.

ఇందుకు పెద్ద సంఘాలు పెట్టనక్కరలేదు, చందాలు వసూలు చెయ్యనక్కరలేదు. మీ ఇంట్లో డెబ్భై అయిదేళ్లు దాటిన తాతగారు ఎవరైనా హైదరాబాదులోనో, సికిందరాబాదులోనో చదువుకున్నవారో ఉద్యోగం చేసినవారో ఉంటే, ఈ ఆదివారం ఒక నోటుబుక్కు పట్టుకుని ఆయన పక్కన కూర్చోండి. ఎవరు గెలిచారని మొదటే అడగకండి. అది పుస్తకాల్లో ఉంది, పైగా ఆయనకు గుర్తుండకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఎవరితో వెళ్లారు, ఎక్కడ నిలబడ్డారు, పక్కన ఎవరున్నారు, చలికి ఏం కప్పుకున్నారు, తిరిగి ఇంటికి ఎలా వచ్చారు – ఇవి అడగండి. అమ్మమ్మలనూ నాయనమ్మలనూ వదిలిపెట్టకండి. ఆటకు పోయిన తమ్ముడు చీకటిపడ్డా రాకపోతే గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది వాళ్లే. వాడు ఓడి వచ్చాడో గెలిచి వచ్చాడో వీధి మలుపులోనే నడకను బట్టి చెప్పగలిగిందీ వాళ్లే.

చెప్పింది చెప్పినట్టే, వారి మాటలోనే రాయండి. పత్రిక తెలుగులోకి దిద్దకండి. "ఒర్లినం" అన్న మాటను "కేకలు వేశాము" అని దిద్దితే అందులోని గొంతు పోతుంది. తేదీలు తరువాత సరిచూసుకోవచ్చు; గొంతు పోతే మళ్లీ రాదు.

ఒక్క హెచ్చరిక. జవాబు కాస్త పొడుగవుతుంది. చెప్పిందే మూడుసార్లు చెబుతారు, మూడోసారి ఒక గోలు ఎక్కువ పడుతుంది. వంటింట్లోవాళ్లు విసుక్కోకుండా మధ్యలో ఇంకో కప్పు చాయ పెట్టి ఇవ్వవలసిందిగా మనవి.