సముద్రం ఒడ్డున బుఢాపా: ఖ్వాబ్ ఎవరిది, హిసాబ్ ఎవరిది?

మన ఇళ్ళల్లో రిటైర్మెంట్ అన్న లఫ్జే కొత్తది. మా దాదా చివరిదాకా శనక్కాయల చేనుకు పోతూనే ఉన్నారు. మా నానా హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోతూనే ఉన్నారు. చేతులు ఆగినప్పుడే పని ఆగేది. అలాంటి ఖాందాన్‌లో ఇప్పుడు బుజుర్గులు ఫోన్లో వీడియోలు చూస్తున్నారు. థాయ్‌లాండ్‌లోనో మలేషియాలోనో సముద్రం ఒడ్డున చిన్న ఫ్లాటు, ఫజర్ తర్వాత ఇసకలో నడక, సాయంత్రం కొబ్బరి బోండాం, నెల ఖర్చు మాత్రం చాలా తక్కువట. మా మామూ ఇలాంటివి రోజుకు నాలుగు పంపిస్తారు. కింద ఒకటే సవాల్: "క్యా బోల్తే బేటా?"

నవ్వి వదిలేసే మాట కాదు ఇది. మా గోరంట్ల మనుషులకు సముద్రం అంటే ఏమిటో ఆలోచించండి. ఏడాదిలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ కనబడే చిత్రావతి ఒడ్డున పుట్టినవాళ్ళం. మా మామూ కువైట్‌లో 26 ఏళ్ళు డ్రైవరు. సముద్రానికి పది నిమిషాల దూరంలో ఉన్నారు, జుమ్మా సాయంత్రం తప్ప దాని మొహం చూసే ఫుర్సత్ లేదు. అదీ ఇంటికి ఫోన్ చేసుకోవడానికి. అలాంటి మనిషి "ఇప్పుడైనా తీరిగ్గా కూర్చుంటా" అంటే తప్పెలా అవుతుంది? ఆ తమన్నా జాయజ్ అనే నా రాయ్. నా పేచీ వీడియోల్లో చెప్పే హిసాబ్‌తో.

థాయ్‌లాండ్ సర్కారు 50 ఏళ్ళు దాటిన పరాయి దేశస్తులకు రిటైర్మెంట్ మీద ఉండనిస్తుంది. అడిగేది బ్యాంకులో 8 లక్షల బాత్, లేదా నెలకు 65,000 బాత్ ఆమ్దానీ. మన రూపాయల్లో మొదటిది 20 లక్షలకు పైనే, రెండోది నెలకు లక్షా అరవై వేలకు పైనే. మలేషియా స్కీము పేరు వినడానికి తియ్యగా ఉంటుంది, 'మలేషియా నా రెండో ఇల్లు' అని అర్థం. 2024లో మార్చిన షరతుల ప్రకారం కింది మెట్టు సిల్వర్‌కే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్, ఆ పైన కనీసం 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి. రెండూ కలిపితే రెండు కోట్లు దాటుతుంది. మామూకు ఉన్నదేమిటి? బజారులో రెండు దుకాణాల కిరాయి నెలకు 22 వేలు, కొంత డిపాజిట్, ఒక ఇల్లు.

మరి ఆ వీడియోల్లో తెల్లవాళ్ళు ఎలా ఉంటున్నారు? అమెరికాలో రిటైరైన ఉద్యోగికి 2024లో సోషల్ సెక్యూరిటీ సగటు నెలకు దాదాపు 1900 డాలర్లు. థాయ్‌లాండ్ అడిగే 65,000 బాత్ అటూ ఇటూగా అంతే. అంటే అక్కడి మామూలు ఉద్యోగి పింఛను ఒక్కదానితోనే గడప దాటతాడు. వాళ్ళ ఊళ్ళో ఆ డబ్బుతో గుజారా కష్టం, ఇక్కడ నవాబు. మన ఈపీఎస్ పింఛను కనీసం వెయ్యి రూపాయలు. 2024లో పెంచిన తర్వాత రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 4,000. "తక్కువ బడ్జెట్" అన్న మాట డాలరు జేబులోంచి పుట్టింది. దాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేసినవాళ్ళు జేబును డబ్బింగ్ చేయలేదు.

ఇక గల్ఫ్. జవానీ ఇచ్చినచోటే బుఢాపా గడపొచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. కువైట్ 2021 నుంచి 60 దాటిన, డిగ్రీ లేని పనివాళ్ళ పర్మిట్లు రెన్యువల్ చేయనంది. తర్వాత పెద్ద ఫీజు, బీమా కడితే సరేనంది. రాయచోటి, కడప వైపు ఎన్ని ఇళ్ళకు ఆ ఖబర్ పిడుగులా తగిలిందో చెప్పనక్కర్లేదు. దుబాయ్‌లో 55 దాటినవాళ్ళకు అయిదేళ్ళ రిటైర్మెంట్ వీసా ఉంది. దానికి 10 లక్షల దిర్హాముల పొదుపో ఆస్తో, లేకుంటే నెలకు 15,000 దిర్హాముల ఆమ్దానీ కావాలి. మామూ జీతం ఏనాడూ అందులో సగం కూడా లేదు. ఆ బీచీల పక్కన రోడ్లేసిన చేతులకు అక్కడ బెంచీ మీద కూర్చునే హక్కు మాత్రం రాయలేదు.

ఖాందాన్‌లో వినబడే ఎత్రాజ్ వేరే. "పరాయి ముల్క్‌లో మౌత్ వస్తే? ఖబరస్తాన్ ఎక్కడ? జనాజాకు నలుగురు దొరుకుతారా?" ఈ దలీల్ నాకు ఎక్కదు. ఎక్కడ కన్ను మూస్తే అక్కడే దఫన్ చేయడం మన రివాజే. మదీనాలో మట్టి దొరికితే ఖుష్‌నసీబ్ అంటాం కదా, అదీ పరాయి ముల్కే. పైగా మామూ అడిగే పెనాంగ్ ఏ దిక్కులేని చోటూ కాదు. జార్జ్‌టౌన్‌లో కపితాన్ కెలింగ్ మసీదు 1801లో హిందుస్తానీ ముసల్మానులే కట్టించుకున్నారు. తమిళ ముసల్మానుల నాసి కందార్ అన్నం అక్కడ ఊరంతా తింటుంది. హలాల్ కోసం వెతుక్కునే పరేషానీ లేదు.

నా ఫిక్ర్ మౌత్ గురించి కాదు, బీమారీ గురించి. మౌత్ ఒక రోజు పని, బీమారీ పదేళ్ళ పని. డెబ్బై దగ్గరపడ్డ షుగర్ మనిషికి పరాయి దేశంలో బీమా దొరకడం ఒక కష్టం, దాని ప్రీమియం ఇంకో కష్టం. ఇక్కడి ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు సముద్రం దాటదు. రాత్రి రెండు గంటలకు గుండెల్లో నొప్పొస్తే ఏ భాషలో చెప్పుకోవాలి? గోరంట్లలో అయితే పక్కింటి పిల్లాడు ఆటో తీస్తాడు, హిందూపురమో, పెద్ద కేసైతే బెంగళూరో పరుగెత్తుతారు. ఈ మాట ఏ వీడియోలోనూ లేదు.

ఔలాద్ సంగతి కూడా సాఫ్‌గా చెప్పుకోవాలి. "అబ్బా, ఈ ఉమర్‌లో ఎందుకండీ" అని ప్రేమగా ఆపే కొడుకుల్లో కొందరికి ఆ డబ్బుతో బెంగళూరులో సైటు కొనాలని ఉంటుంది, కొందరికి పిల్లల్ని చూసుకునే నాన్నమ్మ కావాలి. ఖిద్మత్ పేరుతో కాపలా పని చేయించుకోవడం మనకు ఆదత్ అయిపోయింది. మామూ తన కమాయీ తన ఖుషీకి ఖర్చు పెడతానంటే కొడుకులకు సలహా ఇచ్చే హక్కుంది, ఆపే హక్కు లేదు.

అయితే ఇంత బహస్‌లో ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు, మా ముమానీ. మామూ సముద్రం పక్కన ఉన్న 26 ఏళ్ళూ ఆమె గోరంట్లలో ఒంటరిగా ఇల్లు నడిపింది. పిల్లల స్కూలు, అత్తగారి పక్షవాతం, బోరు ఎండిపోతే బిందెల లైను, బ్యాంకు పని, అన్నీ. ఆ తన్హాయీలోంచే ఆమె ఒక దునియా కట్టుకుంది. ఎదురింటి ఖాలా, ఆదివారం వచ్చే చెల్లెళ్ళు, పాలు పోసే లక్ష్మమ్మక్క, పెనుకొండ ఉర్సుకు కలిసిపోయే గుంపు. మామూకు ఇంటికి తిరిగి రావడం రిటైర్మెంట్. ఆమెకు మాత్రం ఇప్పుడు ఊరు వదలడమంటే అరవై రెండేళ్ళకు తన గల్ఫ్ మొదలవడమే. "మీరు పోయినప్పుడు నన్నడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు" అని ఆమె ఒక్కసారే అంది, చాయ్ గ్లాసులు తీసుకుపోతూ. మామూ విన్నారో లేదో తెలీదు, నేను విన్నాను.

అందుకే నా మష్వరా ఇది. వలస వద్దు, సఫర్ చేయండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళను 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, 2026 ఆఖరు దాకా ఈ సహూలత్ ఉంది. చెన్నై నుంచి పెనాంగ్‌కు 2024 డిసెంబరులో నేరుగా విమానం మొదలైంది. డిపాజిట్లు, ఇల్లు కొనుగోలు ఏమీ అక్కర్లేదు. గోరంట్ల ఇల్లు అమ్మొద్దు, దుకాణాలు అమ్మొద్దు. ఒక నెల గది తీసుకుని బతు ఫెరింగీ ఒడ్డున ఇద్దరూ కూర్చోండి. బయల్దేరే ముందు ప్రయాణ బీమా తీసుకోండి, పాత బీమారీలు అందులో చేరతాయో లేదో కాగితం మీద చదివించుకోండి, మందులు చీటీతో సహా పెట్టుకోండి. నచ్చితే మరుసటేడు మళ్ళీ పోవచ్చు. నచ్చకపోతే పోయింది ఒక నెల ఖర్చే.

దుకాణాల కిరాయిలో సగం ముమానీ ఖాతాలో పడేలా చూడండని కూడా మామూకు చెప్పాను. ఎక్కడికి పోవాలో, ఎన్ని రోజులో ఆమె కూడా తన పైసతో మాట్లాడాలి. మామూ సరేనని టికెట్ల రేట్లు చూడడం మొదలుపెట్టారు. అప్పుడు తేలింది, ముమానీకి ఇంతవరకు పాస్‌పోర్టే లేదు. ఉమ్రాకు డబ్బు కూడినప్పుడల్లా ఏదో ఒక షాదీ అడ్డొచ్చింది. ముందు ఆ దరఖాస్తు నింపుతున్నాం.