స్పీడు పెంచితే... సిస్టమ్ మొరాయిస్తోందా?

పెళ్లయి వారం రోజులైంది. ఆల్బమ్‌లోకి ఏ ఫొటోలు వెళ్లాలో తేల్చడానికి ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు చేరారు. తలంబ్రాల ఫొటో తెరిస్తే పైసగం బాగానే ఉంది, కిందిసగం మాత్రం బూడిదరంగు పట్టీ! తర్వాతి ఫొటో అసలు తెరుచుకోనే లేదు. 'ఒరేయ్ తమ్ముడూ, దీన్నేం చేశావురా?' అని అక్క అడగడమే ఆలస్యం... తెరంతా నీలంగా మారిపోయి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయింది. అమ్మానాన్నలకు ఏమీ అర్థం కాలేదు కానీ తమ్ముడికి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆటలు ఇంకాస్త వేగంగా ఆడుకోవచ్చని నాలుగు రోజుల క్రితమే ప్రాసెసర్‌ని 'ఓవర్‌క్లాక్' చేశాడు మరి!

పేర్లు మారతాయేమో కానీ ఇలాంటి తమ్ముళ్లు చాలా ఇళ్లలోనే ఉంటారు. వాళ్లు చేసేది నేరమేమీ కాదు. కాకపోతే ఒక్క విషయం మర్చిపోతుంటారు. వేగం పెంచడం ఐదు నిమిషాల పని. పెంచిన వేగం నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికే రోజులు పడుతుంది.

అసలేమిటీ ఓవర్‌క్లాకింగ్?

కచేరీలో అందరూ ఒకే తాళానికి పాడినట్టు, ప్రాసెసర్ లోపల ప్రతి పనీ ఒక క్లాక్ దరువుకు అనుగుణంగానే నడుస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో మూల దరువు సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని 'మల్టిప్లయర్' అనే అంకెతో హెచ్చిస్తే వచ్చేదే ప్రాసెసర్ వేగం. మల్టిప్లయర్ 44 అయితే 4.4 గిగాహెర్ట్జ్, 47 అయితే 4.7. కంపెనీ నిర్ణయించిన దానికన్నా ఆ అంకెను పెంచడమే ఓవర్‌క్లాకింగ్.

ఈ సరదా కొత్తదేమీ కాదు. 1998లో ఇంటెల్ తెచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ మూల దరువు 66 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ నాలుగున్నర. ఆ దరువును 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450 దగ్గర పరుగెత్తేది. అంటే ఏకంగా ఒకటిన్నర రెట్లు! చౌక చిప్‌తో ఖరీదైన చిప్ పని చేయించుకోవచ్చన్న ఆశ కుర్రకారులో పాకింది అప్పుడే.

ఇప్పుడా పరిస్థితి లేదు. ఇప్పటి ప్రాసెసర్లు అవసరాన్ని బట్టి తమంతట తామే వేగం పెంచుకుంటున్నాయి. అంటే మిగులు బలంలో ఎక్కువ భాగాన్ని కంపెనీలే వాడేస్తున్నాయన్నమాట. పైగా అన్ని చిప్‌లూ ఓవర్‌క్లాకింగ్‌కు ఒప్పుకోవు. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో పేరు చివర 'కె' అక్షరం ఉన్నవాటికి, అదీ జెడ్ శ్రేణి మదర్‌బోర్డు ఉంటేనే మల్టిప్లయర్ పెంచుకునే వీలుంటుంది. ఏఎండీ రైజెన్ చిప్‌లలో చాలావాటికి ఆ వీలుంది కానీ ఎ320, ఎ520 లాంటి చవక బోర్డుల మీద కుదరదు.

ఎందుకు తడబడుతుంది?

వడ్డించే మనిషి వేగం పెంచితే ఏమవుతుంది? ఒక విస్తట్లో కూర పడదు, మరో విస్తట్లో రెండుసార్లు పడుతుంది. ప్రాసెసర్ సంగతీ అంతే. లోపలి ట్రాన్సిస్టర్లు సున్నా నుంచి ఒకటికి మారడానికి అతి స్వల్పమే అయినా కొంత సమయం కావాలి. అది పూర్తయ్యేలోపే తర్వాతి దరువు పడితే లెక్క తప్పుతుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా కదులుతాయి. కానీ దానికి మూల్యం వేడి. విద్యుత్ వాడకం వేగానికి తగ్గట్టు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే వాడకం దాదాపు 33 శాతం పెరుగుతుందన్నమాట. వేడెక్కిన కొద్దీ చిప్ మళ్లీ తడబడుతుంది.

తప్పిన ప్రతి లెక్కా నీలి తెర తెప్పించదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక్క అంకె తారుమారైనా కంప్యూటర్ ఏమీ ఎరగనట్టే పని చేసుకుపోతుంది. ఆ తప్పు ఫొటోలోనో, నాన్నగారి లెక్కల ఫైల్‌లోనో చేరి కూర్చుంటుంది. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2005లో ఇలాంటి వింతే రాశారు. విండోస్ క్రాష్ అయినప్పుడు కంపెనీకి చేరిన నివేదికల్లో కొన్ని ఎంతకీ అంతుచిక్కలేదట. ఒకదాంట్లోనైతే ఒక రిజిస్టర్‌ని సున్నా చెయ్యమన్న అతి తేలికైన ఆదేశం దగ్గరే ప్రోగ్రామ్ కుప్పకూలింది. ఆరా తీస్తే ఇలాంటి కంప్యూటర్లు చాలావరకు ఓవర్‌క్లాక్ చేసినవని తేలింది. కొందరికైతే తమ కంప్యూటర్‌ని అమ్మినవాళ్లే అలా చేసిచ్చారన్న సంగతే తెలియదు! మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు పది లక్షల పీసీల సమాచారం పరిశీలించి 2011లో వెల్లడించిందీ అదే... ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాలు మామూలువాటికన్నా ఎక్కువగా మొరాయిస్తాయని.

ముందు వెనక్కి రండి

సిస్టమ్ ఆగిపోతున్నప్పుడు చాలామంది వోల్టేజీ ఇంకాస్త పెంచి చూస్తారు. అది తర్వాతి మాట. మొదట ముఖ్యమైన ఫైళ్లను అటూఇటూ కాపీ చేయడం ఆపేయండి. సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి, 'లోడ్ డిఫాల్ట్స్' ఎంచుకోండి. కంపెనీ అమరికలన్నీ తిరిగొస్తాయి. అసలు తెరే రాకపోతే కంగారొద్దు. కరెంటు ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి మళ్లీ పెడితే సాధారణంగా పాత అమరికలు చెరిగిపోతాయి. బోర్డు పుస్తకంలో 'క్లియర్ సీమాస్' అని చూపిన చోటుతోనూ ఇదే పని చేయొచ్చు.

ఇప్పుడు ఒకట్రెండు రోజులు మామూలుగా వాడి చూడండి. అయినా ఆగిపోతోందంటే తప్పు ఓవర్‌క్లాకింగ్‌ది ఒక్కటే కాకపోవచ్చు. పాత ఎస్ఎంపీఎస్, దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, పాడైన ర్యామ్... ఏదైనా కారణమే. ఇన్నాళ్లూ తప్పుడు లెక్కలతో నడిచింది కాబట్టి విండోస్ ఫైళ్లే చెడిపోయి ఉండొచ్చు కూడా. విండోస్‌లోనే ఉండే సిస్టమ్ ఫైల్ చెకర్, చెక్‌డిస్క్ ఒకసారి నడిపించండి.

ఒక్కసారి ఒక్కటే

మన తమ్ముడి సంగతికొద్దాం. అతని ప్రాసెసర్ రైజెన్ 5 5600. కంపెనీ లెక్క ప్రకారం గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. ఎవరిదో వీడియో చూసి ఒకే రాత్రిలో మూడూ మార్చేశాడు. వేగం 4.7 చేశాడు, వోల్టేజీ పెంచాడు, ర్యామ్‌ని 3200 నుంచి 3800కి తీసుకెళ్లాడు. మూడూ ఒకేసారి మారిస్తే తప్పు ఎవరిదో తేలేదెలా? పైగా ఒకే మోడల్ అయినా ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు. ఒకరి చిప్ తట్టుకున్న అంకెలు మరొకరి చిప్ తట్టుకోవాలని లేదు. పొరుగింటి కళ్లజోడు తెచ్చి పెట్టుకున్నట్టే!

కాబట్టి ఒక నోట్‌బుక్ తీసుకోవాలి. మార్చింది ఏమిటి, ఎంతసేపు నిలబడింది, వేడి ఎంత... ప్రతిదీ రాసుకోవాలి. ముందు ప్రాసెసర్‌ని కదపకుండా ర్యామ్‌ని పరీక్షించాలి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే సిస్టమ్ బూట్ చేస్తే సరి. ఒక్క తప్పు వచ్చినా ఆ అమరిక పనికిరాదు. తమ్ముడి ర్యామ్ 3200 దగ్గర ఒక్క తప్పూ చూపలేదు. 3800 దగ్గర వరసగా ఎర్ర గీతలే! ఫొటోలు చెడిపోవడానికి కారణం అదే అయి ఉండాలి. కెమెరా కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌కి వెళ్లే ప్రతి ఫొటో దారిలో ర్యామ్‌ని దాటుకునే పోతుంది కదా.

తర్వాత ర్యామ్‌ని 3200 దగ్గరే ఉంచి ప్రాసెసర్ వంతు. 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష పెట్టాలి. ఇందుకు ప్రైమ్95 బాగా పనికొస్తుంది. భారీ ప్రధాన సంఖ్యల వేట కోసం 1996లో మొదలైన గింప్స్ ప్రాజెక్టు వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇది. 'టార్చర్ టెస్ట్'లో జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయిస్తుంది. జవాబు తప్పితే అక్కడికక్కడే చెప్పేస్తుంది. ప్రాసెసర్ కోసం 'స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ', ర్యామ్‌ని కూడా కలిపి చూడాలంటే 'బ్లెండ్'. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉష్ణోగ్రత గమనిస్తుండాలి. పది నిమిషాలు నిలబడితే పాసైనట్టు కాదు. చివరి మెట్టు దగ్గర రాత్రంతా నడవనివ్వాలి.

లక్షణాన్ని బట్టి రోగం

డాక్టరు నాడి చూసినట్టే లక్షణాలను బట్టి తప్పు ఎక్కడుందో కొంత ఊహించవచ్చు.

* ఆన్ చేసినా తెర రాకపోతే ర్యామ్ వేగమో, మరీ ఎక్కువగా పెంచిన ప్రాసెసర్ వేగమో కారణం కావచ్చు.

* పరీక్ష మొదలైన క్షణాల్లోనే రీస్టార్ట్ అయితే వేగానికి తగ్గ వోల్టేజీ చాలడం లేదు, లేదా ఎస్ఎంపీఎస్ ఆ బరువు మోయలేకపోతోంది.

* కాసేపు బాగానే నడిచి, వేడి పెరిగాక ఆగితే కూలర్ సరిపోవడం లేదు.

* క్రాష్ కాదు కానీ వేగం తగ్గిపోతే చిప్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. మోడల్‌ని బట్టి 90-100 డిగ్రీల దగ్గర ఇలా జరుగుతుంది.

* ఫైళ్లు, జిప్‌లు తెరుచుకోకపోయినా, ప్రతిసారీ ఒక్కో రకం నీలి తెర వస్తున్నా (కొత్త విండోస్ 11లో అయితే నల్ల తెర) ముందు అనుమానించాల్సింది ర్యామ్‌నే.

* పైకి అంతా బాగానే ఉన్నా, విండోస్ 'ఈవెంట్ వ్యూయర్'లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో హెచ్చరికలు ఉంటే హార్డ్‌వేర్ లోపల తప్పులు జరుగుతున్నట్టే.

మన ఎండలతో జాగ్రత్త

చలిదేశాల వాళ్ల వీడియోల్లో గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలు ఉండొచ్చు. బెజవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 38-40 ఉంటుంది. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. సంక్రాంతి రాత్రి 75 డిగ్రీల దగ్గర పాసైన అమరిక రోహిణి కార్తెలో 95 దాటాలని చూస్తుంది. అందుకే మనవాళ్లు పరీక్ష చేయాల్సింది చల్లటి రాత్రి కాదు, మిట్టమధ్యాహ్నం.

వోల్టేజీ విషయంలో మరీ జాగ్రత్త. వేగం ఎక్కువైతే సిస్టమ్ ఆగుతుంది, తగ్గిస్తే మళ్లీ నడుస్తుంది. కానీ మితిమీరిన వోల్టేజీ చిప్‌ని మెల్లమెల్లగా శాశ్వతంగా అరగదీస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఓవర్‌క్లాక్ చేయకపోయినా తరచూ క్రాష్ అవుతుంటే, అవసరానికి మించిన వోల్టేజీయే కారణమని ఆ సంస్థే 2024లో ప్రకటించింది. బయోస్ అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ అప్‌డేటూ బాగు చేయలేదు. మన చేతులతో మనమే వోల్టేజీ పెంచి చిప్ పాడు చేసుకుంటే ఆ వారంటీ కూడా ఉండదు.

చివరికి ఏమైంది?

తమ్ముడి చిప్ 4.7 దగ్గర నిమిషాల్లో రీస్టార్ట్ అయింది. 4.6 దగ్గర నలభై నిమిషాలకు లెక్క తప్పింది. 4.5 దగ్గర రాత్రంతా నిలబడింది. అంటే ఇన్ని తిప్పలు పడి మిగిలింది 4.4 మీద 0.1... రెండు శాతం చిల్లర! సెకనుకు 60 ఫ్రేములు వచ్చే ఆటలో మహా అయితే 61. 'దీనికోసమా నా పెళ్లి ఫొటోల మీదికి తెచ్చావు?' అని అక్క నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అదృష్టం కొద్దీ కెమెరా కార్డులు ఇంకా చెరిపేయలేదు. అన్నీ డిఫాల్ట్‌కి మార్చాక ఫొటోలన్నీ మళ్లీ కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చూసి, మరో హార్డ్‌డిస్క్‌లోనూ దాచారు. తలంబ్రాల ఫొటో ఈసారి నిండుగా వచ్చింది. తమ్ముడు తన 4.5 అమరికను బయోస్‌లో వేరే ప్రొఫైల్‌గా దాచుకున్నాడు. ఆల్బమ్ అచ్చయి ఇంటికొచ్చేదాకా దాని జోలికి వెళ్లకూడదన్నది అక్క షరతు!