జీపు ఇంజను విమానం: నవ్వే ముందు లెక్క చూడండి

పోయిన సంచికలో ఏడో తరగతి తమ్ముడొకడు విమానం బొమ్మ వేశాడు. ముక్కు దగ్గర బాణం గుర్తు పెట్టి "జీపు ఇంజను" అని రాశాడు. రెండో రోజుకే ఎవరో పెన్సిలుతో కింద "సంతకి పోతుందా?" అని గీకారు. స్టడీ అవర్‌లో కూడా అదే నవ్వు. ఇంక బొమ్మలు ఇవ్వనని ఆ తమ్ముడు అలిగి కూర్చున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయంలో నవ్వినవాళ్లదీ తప్పే, బొమ్మలో కూడా తప్పుంది.

ముందు నవ్వినవాళ్ల సంగతి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అని ఒక చిన్న పల్లె. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ ఉండేవాడు. పని చేస్తూ నేర్చుకున్నవాడే గాని ఇంజనీరింగ్ కాలేజీకి పోయినవాడు కాదు. చెక్కతో, గుడ్డతో తాను కట్టిన రెండు సీట్ల విమానానికి 1929లో ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజను బిగించి ఎగిరాడు. ఆ విమానం పేరు ఎయిర్ క్యాంపర్. అప్పట్లో వెస్టన్ ఫార్మర్ అనే పత్రిక ఎడిటరు, కారు ఇంజన్లు విమానానికి పనికిరావని రాశాడు. పీటెన్‌పోల్ ఆయనతో వాదన పెట్టుకోలేదు. విమానం ఎగరేసుకుంటూ వెళ్లి చూపించాడు. తర్వాత ఆ ఎడిటరే దాని ప్లాను తన పత్రికలో వేశాడు. ఆ ప్లాను చూసి ఇప్పటికీ విమానాలు కట్టుకునేవాళ్లున్నారు. (అచ్చులో అన్న మాటను అచ్చులోనే మార్చుకున్న ఆ ఎడిటరు కూడా నాకు నచ్చాడు. పెన్సిలు పట్టిన అన్న ఎవరో గాని, గమనించాలి.)

రైట్ సోదరులు కూడా ముందు కారు కంపెనీలకే ఉత్తరాలు రాశారు. వాళ్లకు కావలసినంత తేలిక ఇంజను ఎవరూ ఇవ్వలేదు. చివరకు వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో ఒకటి తయారు చేశాడు. 1903లో ఎగిరింది ఆ 12 హార్స్‌పవర్ ఇంజనుతోనే. కాబట్టి స్పానర్ పట్టేవాడికి విమానం ఎందుకు అనడం కుదరదు.

ఇప్పుడు బొమ్మలో తప్పు. అందరూ "జీపు ఇంజనుకి అంత బలముందా?" అని అడుగుతున్నారు. బలం సంగతి తర్వాత. ముందు ఎన్ని చుట్లు తిరుగుతుందో అడగాలి. ముక్కున తిరిగే పంకా, అంటే ప్రొపెల్లర్, కొస నుంచి కొసకు 6 అడుగులు ఉందనుకోండి. అంటే 1.83 మీటర్లు. 3.14తో గుణిస్తే ఒక్క చుట్టుకు దాని కొస 5.75 మీటర్లు తిరుగుతుంది. నిమిషానికి 2500 చుట్లయితే సెకనుకు సుమారు 240 మీటర్లు. ఫరవాలేదు. అదే 5000 చుట్లయితే సుమారు 480 మీటర్లు! గాలిలో శబ్దం పోయేది సెకనుకు 340 మీటర్లే. కొస ఆ వేగం దగ్గరికి వచ్చిందంటే చెవులు చిల్లులుపడే మోత వస్తుంది, లాగే బలం మాత్రం తగ్గిపోతుంది. నమ్మనివాళ్లు చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద చేసి చూడండి.

పీటెన్‌పోల్ ఇంజను ఇక్కడే కలిసొచ్చింది. అది 3.3 లీటర్ల పెద్ద ఇంజను, 2200 చుట్లకే 40 హార్స్‌పవర్ ఇచ్చేది. పంకాను నేరుగా బిగించుకోవచ్చు. మనకు తెలిసిన మారుతి 800 ఇంజను (ఆ కారు తయారీ 2014లో ఆపేశారు) 796 సీసీదే అయినా దాదాపు అంతే బలం ఇస్తుంది. కానీ 5000 చుట్ల దగ్గర గాని ఇవ్వదు. దాన్ని పెట్టాలంటే మధ్యలో చుట్లు తగ్గించే పళ్ల చక్రాలో బెల్టో ఉండాలి. దాంతో బరువు పెరుగుతుంది, చెడిపోయేది ఇంకొకటి చేరుతుంది.

ఇంకో సంగతి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు జీపు రేడియేటర్ పొగలు కక్కితే క్లీనర్ దిగి నీళ్లు పోస్తాడు, మనమంతా దిగి నిలబడతాం. విమానం పైకి లేచేటప్పుడు అచ్చంగా ఘాట్ ఎక్కినట్టే, ఇంజను పూర్తి బలంతో పనిచేయాలి. పైకి పోయాక కూడా సగానికి మించిన బలంతో గంటల తరబడి నడవాలి. కారు చదును రోడ్డు మీద అందులో కొంచెమే వాడుకుంటుంది. పైన ఆపి నీళ్లు పోసే చోటు లేదు కదా! ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజనును చాలామంది విమానాలకు వాడుకున్నది ఇందుకు కూడా. అది గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ బాధ లేదు.

పంకా క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు లాగుతుంది, విమానం మలుపు తిరిగినప్పుడల్లా వంచాలని చూస్తుంది. కారులో దానికి ఆ పని లేదు. 1960లలో పీటెన్‌పోల్ కార్వెయిర్ అనే కారు ఇంజను వాడాడు. తర్వాతి కాలంలో ఇతరుల విమానాల్లో ఆ రకం క్రాంక్‌షాఫ్టులు కొన్ని విరిగాయి. అప్పుడు పంకా వైపు ఇంకో బేరింగు చేర్చడం మొదలుపెట్టారు. ఎవరి విమానంలోనో విరిగాక వచ్చిన తెలివి అది. నాకు భయం వేసేది ఇక్కడే. బొమ్మ వేసిన తమ్ముడికి కూడా వేయాలి.

అమెరికాలో ఇంట్లో కట్టుకున్న విమానానికి కూడా తనిఖీ ఉంది. ప్రభుత్వం ఆమోదించిన ఇంజను, పంకా జత పెడితే మామూలుగా 25 గంటలు ఒక్కడే ఎగిరి పరీక్షించాలి. కారు ఇంజనయితే 40 గంటలు. అంటే పనికిరాదని అనలేదు, ఇంకా 15 గంటలు ఎక్కువ రుజువు చూపించమన్నారు. నాకు ఇది న్యాయంగా తోచింది. మన దేశంలో అయితే విమానయాన శాఖ అనుమతి లేకుండా ఎగరకూడదు. కనక మంచాల కర్రలు ఎవరూ పీకవద్దు!

తమ్ముడూ, బొమ్మ మళ్లీ వెయ్యి. ఈసారి నిమిషానికి ఎన్ని చుట్లో, పంకా ఎన్ని అడుగులో, రేడియేటర్ ఎక్కడ పెట్టావో రాయి. పీటెన్‌పోల్ దాన్ని పైలట్ ఎదురుగా నిలబెట్టాడు, దారి సరిగా కనిపించేది కాదు. నువ్వు ఇంకెక్కడైనా పెట్టగలవేమో చూడు.

వార్డెన్ సార్‌కి ఒక మనవి. రోడ్డు మీద జీపులు బాగుచేసే షెడ్డులో ఒక ఇంజను విప్పి పెట్టారు. వచ్చే ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక, ఏడు నుంచి పది వరకు ఇష్టమున్నవాళ్లను ఒక గంట తీసుకుపోతే క్రాంక్‌షాఫ్ట్ ఎలా ఉంటుందో కళ్లతో చూస్తాం. మధ్యాహ్నం భోజనం బెల్లుకి తిరిగి వచ్చేస్తాం సార్.

- పదో తరగతి విద్యార్థి